పసుపు బొట్టు పెట్టిన కాయలు

వైశాఖం 11

రమా, రక్తం పడటం ఆగిందా? తాగిన నీళ్ళు కడుపులో నిలుస్తున్నాయా? ఓదెలూ, నువ్వు నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా, లేక మందుల గది గడప మీదే కూర్చున్నావా? తారా, కళ్ళు తిరగడం తగ్గిందా? సర్దార్‌ని కదా అని లేచి తిరగకు, పడుకో. పంపు కాడి కొమురయ్యా, నీకు విరేచనాలు కట్టాయా? మూలింటి పోశవ్వా, నీకెలా ఉంది, నీ మనవరాళ్ళిద్దరికీ ఎలా ఉంది? చిన్నదానికి వేడి తగలనివ్వకు.

ఇవన్నీ గడప గడపకూ వెళ్ళి మొహం చూసి అడగాల్సిన మాటలు. వెళ్ళలేక ఇక్కడ రాస్తున్నాను. ఇది నా తోట పుస్తకం. ఏ టబ్బులో ఏం వేశాను, ఏం కోశాను అని రాసుకునేది. నేను చదివింది నాలుగో తరగతే. కానీ భూమి కింద మా మూడో లెవెల్‌లో చేత్తో రాసింది చదవగలిగేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ గోడకే చెప్పుకుంటారు. వంటగది పక్క గోడకు ఏం చెప్పినా షిఫ్టు మారేటప్పుడు అది లెవెల్ మొత్తానికి, అరవై రెండు మందికీ, వినిపిస్తుంది. గోడకు చెప్పలేనిది కాబట్టి పుస్తకానికి చెబుతున్నాను.

నిన్న పొద్దుటి షిఫ్టు దిగాక వంటగదిలో సొరకాయ పులుసు పెట్టారు. గంట తిరగకముందే వాంతులు మొదలయ్యాయి. పంతొమ్మిది మంది పడ్డారు. అందరికంటే ఎక్కువ రమకు. వంట చేసే ఓదెలుకు ఆమె భార్య. అందరూ తిన్నాక గుండిగ అడుగున మిగిలింది తినే మనిషి.

ఆ కాయ నాది. రెండో వరుస, ఏడో టబ్బు. చేదు చూసి, బాగుందని పసుపు బొట్టు పెట్టి పంపింది నేనే. అయితే నేను చూడలేదు. నోట్లో పెట్టుకున్నాను, అంతే. నా నాలుకకు చేదు తెలియడం మానేసి నాలుగు నెలలైంది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

వైశాఖం 12

ఈరోజు కోసినవి: బెండకాయలు ఒక తట్ట, పుంటికూర ఆరు కట్టలు, లేత వంకాయలు. వంకాయకు పుచ్చు పట్టింది. పదకొండో టబ్బు చక్రం మళ్ళీ పట్టేసింది, నూనె కావాలి.

మా ముత్తాతలు బొగ్గు తోలిన టబ్బులే ఇప్పుడు మడులు. పట్టాల మీద నలభై ఉన్నాయి. దీపాలు అన్నిటికీ చాలవు కాబట్టి ఇరవై టబ్బులు మొదటి షిఫ్టు వెలుతురులోకి తోస్తాను, ఇరవై రెండో షిఫ్టుకు. తీగలకు పొద్దు ఎక్కువ కావాలి, ఆకుకూరలు ఎలాగైనా బతుకుతాయి. తోసేటప్పుడు పందిరి కదిలి పూలు రాలతాయేమోనని భయం. దీపం కాలిపోతుందేమోనని భయం. నీళ్ళ గొట్టం కట్టేశానో లేదోనని మంచం మీద నుంచి లేచి వచ్చి చూసుకుంటాను. ఇన్ని భయాలు పడే మనిషిని, భయపడాల్సిన చోట మాత్రం ధైర్యంగా ఉన్నాను చూడండి.

సొర, బీర, దోస, పొట్ల, ఏ కాయ కోసినా తొడిమ దగ్గర చిన్న గాటు పెట్టి, ముక్క తీసి, నమిలి ఉమ్మాలి. చేదుంటే ఎరువు గుంటలోకి. లేకుంటే గాటు మీద పసుపు అద్దాలి. అది ఉంటేనే వంటగది కాయను ముట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళ నుంచి ఆ బొట్టు పెట్టేది నేనే. బూదవ్వ బొట్టు అంటారు.

పుష్యంలో జ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ దానితో వాసన పోయింది. ఉప్పు, తీపి కొంచెం తెలుస్తున్నాయి కదా, మిగతావీ వస్తాయిలే అనుకున్నాను. ఉగాదినాడు తెలిసింది. కొమురయ్య తెల్లవారకముందే ఎండ బట్టలు వేసుకుని, ఎండకు మనుషులు నిలవలేని పైకి పోయి వేపపూత దూసుకొచ్చాడు. పచ్చడి నోట్లో వేసుకుని అందరూ మొహాలు చిట్లించారు. నాకు బెల్లం నీళ్ళలా ఉంది. పోశవ్వ మొహం చూసి నేను కూడా అలాగే చిట్లించాను. ఆ నిమిషాన చెప్పి ఉంటే సరిపోయేది. పండగ పూట అందరూ నవ్వి, ముసలిదానివైపోయావని ఆటపట్టించి వదిలేసేవాళ్ళు.

ఎందుకు చెప్పలేదంటే, దానికీ ఒక కారణం ఉంది. రెండేళ్ళ కిందట తార సర్దార్ అయిన కొత్తలో రుచి చూసే డబ్బా ఒకటి తెప్పిస్తానంది. (బొగ్గు తీసిన రోజుల్లో పని చూసుకునేవాణ్ణి సర్దార్ అనేవాళ్ళట. బొగ్గు పోయినా లెవెల్ పెద్దకు ఆ పేరే మిగిలింది.) ముక్క వేస్తే చేదో విషమో చెప్పే డబ్బా. నేను అందరి ముందూ లేచి, "నా నాలిక చచ్చిన్నాడు తెచ్చుకోండ్రి ఆ డబ్బాను," అన్నాను. అందరూ నవ్వారు. డబ్బా రెండో లెవెల్‌కు పోయింది.

వైశాఖం 13

మీటింగ్ పెట్టారు. నడవగలిగినవాళ్ళందరూ వచ్చారు. నేను వెనక, నీళ్ళ పీపా పక్కన నిలబడ్డాను.

తార ఇత్తడి గుండిగను పట్టుకొచ్చి బోర్లించి చూపించింది. లోపల కళాయి పోయి, అడుగున అరచేయంత మేర పచ్చగా ఉంది.

"చింతపండు పులుసు ఇత్తడిల కాగితే కిలుము దిగుతదని నీకు తెల్వదా ఓదెలన్నా?"

"తెలుసు. రెండు నెలల సంది కళాయి పెట్టియ్యాలని అంటనే ఉన్న."

"అనుడు గాదు. దించి పక్కకు పెట్టాలె."

ఓదెలు తల దించుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. వాళ్ళమ్మా నేనూ ఒకే తోటలో పని నేర్చుకున్నాం. అందుకని నన్ను చిన్నమ్మా అని పిలుస్తాడు.

పోశవ్వ లేచింది. "నాకు ముద్ద నోట్ల పెట్టంగనే చేదు కొట్టింది. మెంతులు మాడ్చిండేమో అనుకున్న. కాయ చేదేమో అని అనుమానమొచ్చి అడిగిన గూడ. బొట్టు కాయనే అవ్వా అన్నడు. ఇగ బొట్టు కాయైతే చేదెందుకుంటది, నా నోరే మంచిగ లేదని తిన్న."

"నేను గూడ గంతే," అన్నాడు కొమురయ్య. "మారు గూడ ఏస్కున్న."

కొందరు నవ్వారు. పంతొమ్మిది మంది నోళ్ళు చేదని చెప్పాయి. ఆ నోళ్ళను కాదని, చచ్చిన నా నాలుకను నమ్మి మింగారు.

"కాయల ఏం లేదు సర్దార్," అన్నాడు ఓదెలు. "చిన్నమ్మ బొట్టు చూసే కోసిన. రమ గూడ చేదున్నదనే అన్నది. నేనే, బొట్టు కాయ, ఏం గాదు తినుమన్న. తప్పు నా గుండిగదే."

అప్పుడు తార నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, నువ్వు చూసినప్పుడు ఎట్లుండె కాయ?"

"కమ్మగనే ఉండె," అన్నాను.

రెండే మాటలు. నా నోట్లోంచే వచ్చాయి. ఓదెలును వంటగది నుంచి తీసేశారు. నీళ్ళు తెచ్చుకునే నెపంతో నేను ముందే బయటికి వచ్చేశాను.

వైశాఖం 15

పున్నమి. బీర మొదటి కోత, పదిహేడు కాయలు. బెండ. దేనికీ గాటు పెట్టలేదు. బీరకు తెగులు ఉన్నట్టుందని వంటగదికి కబురు పంపాను. తెగులు లేదు. ఏడో టబ్బులో సొరకాయలు ఇంకా నాలుగు వేలాడుతున్నాయి. తీగ పీకేస్తే ఎందుకు పీకావంటారు. ఉంచితే ఎప్పుడు కోస్తావంటారు. ఇంకా లేతవని చెప్పాను.

కాకరకాయ పచ్చిది కొరికి చూశాను. ఏమీ లేదు. ఇంకొకటి కొరికాను.

రమకు ఇంకా సెలైన్ ఎక్కుతూనే ఉందట. పోశవ్వ చిన్న మనవరాలు లేచి ఆడుకుంటోందట. ఈ "అట"లన్నీ గోడ చెప్పినవే.

వైశాఖం 17

తార నా మంచి కోరి చేసిన పని ఇది. వంట లేక ఖాళీగా ఉన్నాడని, నేను ముసలిదాన్నని, టబ్బులు తొయ్యడానికి ఓదెలును నా దగ్గరికే పంపింది.

పొద్దున్నే వచ్చాడు. వచ్చీ రాగానే పదకొండో టబ్బు చక్రానికి నూనె పోసి, ఒక్క తోపుతో వెలుతురులోకి నెట్టాడు.

"ఏం చిన్నమ్మా, బెండకాయలను గూడ రెండో షిఫ్టుకు పంపుతున్నవ్. ఓటీ పైసలు ఇస్తున్నవా మరి?"

నవ్వు రాలేదు. అతనే నవ్వుకున్నాడు.

"రమకెట్లున్నది?" అని అడిగాను.

"లేచి కూసుంటున్నది. నాతోటి మాట్లాడుతలేదు. నర్సుతోటి మాట్లాడుతది, గోడతోటి మాట్లాడుతది, నేను వోతే అటు తిరుగుతది." చేతి నూనె గుడ్డకు తుడుచుకుంటూ, "తప్పేమున్నది చిన్నమ్మా, చేదున్నదయ్యా అంటే తినుమన్నోన్ని నేనే గదా," అన్నాడు.

వంకాయ పుచ్చు ఏరడానికి కూర్చున్నాం. అతను పురుగు ఉన్న కాయను చేత్తో తడిమే పట్టేస్తున్నాడు. ముప్పై ఏళ్ళు కూరలు తరిగిన చేతులు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని కూడా రెండు వదిలేశాను. "నీకు చూపు మందగించిందే," అన్నాడు. చూపు ఒక్కటే అయితే బాగుండేది.

పోయేటప్పుడు, "కొత్త వంటామె చేతుల ఉప్పు నిలుస్తలేదు. నువ్వన్న చెప్పు జర," అన్నాడు. తలుపు చాటుకు పోయి ఏడ్చాను. ఏడవడం కూడా దొంగతనంలాగే ఉంది.

వైశాఖం 18

మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందే గింజ పడాలి. పైన వాన పడితే పది రోజులకు మా పైకప్పు బండల్లోంచి ఊట దిగుతుంది. ఆ తడికి మొలక బాగా వస్తుంది. చిక్కుడు పీకేసిన ఆరు టబ్బులు ఖాళీగా ఉన్నాయి. మట్టి తిరగేశాం. ఓదెలు పార పట్టాడు, నేను ఎరువు చల్లాను. మూడింట్లో బెండ నాటాం, ఒకదాంట్లో తోటకూర చల్లాం. మిగతా రెండూ సొరకు. సొర గింజల మూట విప్పి, మళ్ళీ కట్టేశాను. రేపు చూద్దామన్నాను.

ఆ గింజల సంగతి కూడా రాయాలి. నిరుడు మా తీగకు ఆడపూలే వచ్చాయి, మగపూలు రాలేదు. తేనెటీగలు లేని చోట మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మేమే అద్దాలి. కొమురయ్య పైన ఎక్కడో బండల మధ్య సొర తీగ బతికి ఉందని, పూలు తెచ్చి చూపించాడు. అంత ఎండలో బతికిన తీగ అంటే ఎంత గట్టిదో అని మురిసిపోయి, ఆ మగపువ్వే అద్దాను. అది అడవి సొర. ఆ కాయ బాగానే ఉంది. దాని గింజలోకి దిగింది చేదు. ఆ గింజే ఈ ఏడు ఏడో టబ్బులో వేశాను. ఇదంతా ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే అందుతోంది. నాలుక బాగుండి ఉంటే మొదటి కాయ దగ్గరే తెలిసేది.

వైశాఖం 20

తెలిసిపోయింది. ఓదెలుకు.

నీళ్ళ పీపా నింపుకుని వచ్చేసరికి ఏడో టబ్బులో సొరకాయ ఒకటి కోసి పీట మీద పెట్టాడు.

"గింజ ముదురుతున్నది చిన్నమ్మా. ఇంకేం లేత? ఇగో, చూసి బొట్టు పెట్టు, నేను పోయి ఇచ్చొస్త."

దాన్ని ఎలాగైనా గుంటలో పడేయాలని మనసులో అనుకున్నాను. చూసినట్టు చూసి, చేదని చెబితే సరిపోతుంది కదా. గాటు పెట్టాను. ముక్క నోట్లో వేసుకున్నాను. ఉమ్మడానికి ముందు అలవాటుగా నములుతున్నాను, ఎప్పుడు మొహం చిట్లించాలా అని లెక్క చూసుకుంటున్నాను. ఈలోపు అతను అదే గాటులోంచి గోరంత ముక్క తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

థూ అని ఉమ్మాడు. పీపాలో చెంబు ముంచి పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తలెత్తి చూస్తే నేనింకా నములుతున్నాను.

చెంబు పీపా మీద పెట్టేశాడు.

"చిన్నమ్మా, నీకు తెలుస్తలేదా?"

నోరు నిండా అదే ఉంది.

"ఉమ్మెయ్యి ముందు. మింగకు," అంటూ నా వీపు మీద చెయ్యి వేసి వంచాడు. చెంబుతో నీళ్ళు పోసి పుక్కిలించమన్నాడు, చిన్నపిల్లకు చేసినట్టు. "ఇంకొక్కసారి. ఆ. ఇంకోసారి." రమను అలా పట్టుకుని ఉంటాడు ఆ రోజు.

"ఎన్ని రోజుల సంది?"

"పుష్యం సంది."

టబ్బు అంచు మీద కూర్చున్నాడు. కాయను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే గుండిగ గాదన్నట్టు," అన్నాడు చివరికి.

"గాదు."

"నేను రోజూ దాన్ని తల్సుకుంటున్న. ఎందుకు దించలే, ఎందుకు దించలే అని."

లేచి వెళ్ళిపోతాడనుకుంటే, మిగతా మూడు కాయలూ కోసి, పారతో ముక్కలు చేసి ఎరువు గుంటలో లోతుగా కప్పాడు. తీగ పీకాడు. వేరు పురుగని చెబుదాం అన్నాడు. గింజల మూట ఇమ్మన్నాడు. అదీ గుంటలోనే.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాడు.

"ఎందుకురా?"

"తెలిస్తే బొట్టు తీస్తరు. బొట్టు తీస్తే తోట తీస్తరు. డెబ్బై ఆరేండ్ల దానివి, ఇది లేకపోతే ఏం జేస్తవ్ నువ్వు, గోడతోటి ముచ్చట పెడ్తవా? నాకు చేతులున్నయి, పారన్న పడ్త. రోజూ నేను చూస్త, నువ్వు బొట్టు పెట్టు. ఎవ్వనికి తెల్వది."

వద్దనాలి. వద్దనలేదు. ఈ పుస్తకంలో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అతను ఆ మాట అన్నప్పుడు నాకు మొదట కలిగింది నిమ్మళం.

వైశాఖం 21

బీర పన్నెండు. దోస ఎనిమిది. ఓదెలు చూశాడు, నేను బొట్టు పెట్టాను. వంటగదికి పంపాం. ఎవరికీ ఏమీ కాలేదు.

వైశాఖం 22

దోస ఆరు. ఒకటి చేదన్నాడు, పడేశాం. బొట్టు పెట్టే వేలు కడిగినా పసుపు పోలేదు.

రమను ఇంటికి పంపించారు. సాయంత్రం పుంటికూర కట్టలు పంచుతూ వాళ్ళ గడప దాకా వెళ్ళాను. లోపలికి పోదామనే వెళ్ళాను. మాటలు వినపడి ఆగిపోయాను.

"ముప్పై ఏండ్ల సంది గుండిగతోటి కాపురం జేస్తున్నవ్," అంటోంది రమ. గొంతు సన్నగా ఉంది, ఊపిరి అందడం లేదు. "కళాయి పోయిందని తెలుసు నీకు. పులుసు దాంట్లనే పెట్టినవ్. చేదున్నదయ్యా అన్న. తినుమన్నవ్. అడుగుకు నేనుంటనని తెల్వదా నీకు? ఎవ్వలకు తక్కువైనా నేనే గదా తినేది."

ఓదెలు చెంబులో నీళ్ళు పోసిన చప్పుడైంది.

"ఒక్క మాట చెప్పరాదు? తప్పైందని గూడ అనవా?"

ఏమీ అనలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అతను నోరు తెరిస్తే నా పేరు చెప్పాలి. చెప్పనన్నాడు కాబట్టి చెప్పడం లేదు. తప్పైందంటే అది అబద్ధం, అనకుంటే ఆమెకు అది పొగరు. నా తోట కోసం అతను తన ఇంట్లో మూగవాడై కూర్చున్నాడు.

పుంటికూర కట్ట గడప దగ్గర పెట్టి వచ్చేశాను. దొంగలాగా అనడం కాదు, దొంగనే.

వైశాఖం 23

మొదటి షిఫ్టు దీపాలు వెలగగానే గోడ దగ్గరికి వెళ్ళాను. ఓదెలు ఇంకా తోటకు రాలేదు. వస్తే ఆపుతాడు.

గోడకు చెప్పడం నాకు అలవాటు లేదు. ఎంత దగ్గరగా నిలబడాలో తెలియదు. ముందు పేరు చెప్పాలంటారు. బూదవ్వ, తోట, అన్నాను. ఆ తరువాత ఏం చెప్పానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే షిఫ్టు మారినప్పుడు నేను కూడా అందరితో పాటు నిలబడి విన్నాను.

"ఓదెలు తప్పు లేదు. గుండిగ తప్పు గాదు. కాయ చేదు. ఆ కాయకు బొట్టు పెట్టింది నేను. నాకు పుష్యం సంది చేదు తెలుస్తలేదు. ఉగాదికి గూడ తెల్వలే, తెలిసినట్టు చేసిన. మీటింగ్‌ల తార అడిగితే కమ్మగుండె అన్న. అది అబద్ధం. ఓదెలుకు మూడు రోజుల కిందనే తెలిసింది. నా మీద పావురం, ప్రేమ ఉండవట్టి చెప్పలే. రమా, నువ్వు చేదన్నది నిజమే బిడ్డా. నీ నోరే నిజం చెప్పింది."

గోడ ఏదీ వదలదు. నా దగ్గు, మధ్యలో ముక్కు చీదింది, "ఇంకేం చెప్పాలె" అని నాలో నేను అనుకున్నది, అన్నీ వినిపించింది. వినేటప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ కింద పట్టాల వైపు చూస్తున్నారు. ఓదెలు మాత్రం పార పట్టుకుని తోట మొగదల నిలబడి నన్నే చూస్తున్నాడు. కోపమో జాలో ఆ దూరం నుంచి పోల్చుకోలేకపోయాను.

పోశవ్వ ముందు నోరు తెరిచింది. "ఉగాదికి నన్ను చూసేనా నువ్వు మొహం అట్ల పెట్టింది? నేనేమో బూదక్క గూడ నా లెక్కనే అని సంబురపడ్డ." నవ్వలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

తార అందరూ పోయేదాకా ఆగింది. "నేను అడిగిన గదా పెద్దమ్మా, అందరి ముంగట అడిగిన."

"అడిగినవ్."

"నేను గూడ తిన్న ఆ పులుసు. నాకు గూడ చేదు కొట్టింది." మిరుగం విత్తనాలు పడేదాకా తోట నా చేతిలోనే ఉంటుందని, తరువాతి మాట తరువాత అని, డబ్బా కోసం రెండో లెవెల్‌కు కబురు పెడుతున్నానని చెప్పింది. ఇక నుంచి నేను ఏ కాయకూ బొట్టు పెట్టకూడదు. ఓదెలును వంటకు రమ్మంది.

ఆ మధ్యాహ్నం బెండకాయల తట్ట పోశవ్వ గడప దగ్గర పెట్టాను. కాసేపటికి అది తిరిగి నా గడప దగ్గర ఉంది, ఒక్క కాయ కూడా తీయకుండా. బెండకాయకు చేదెక్కడిది అని చెప్పాలనిపించింది. చెప్పే మొహం లేదు.

వైశాఖం 24

సొరకు ఉంచిన రెండు టబ్బుల్లో గోరుచిక్కుడు వేశాను. ఒక్కదాన్నే వేశాను. టబ్బు తోసేసరికి నడుము పట్టేసింది. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను.

ఓదెలు వంటకు పోయే ముందు వచ్చాడు. టబ్బు అంచు మీద కూర్చున్నాడు.

"చెప్పద్దన్న గదా," అన్నాడు.

"అన్నవ్."

"రమ మల్ల మాట్లాడింది. నాతోటి."

"ఏమన్నది?"

"తిట్టింది. నీకు తెలిసి గూడ మూడు రోజులు దాచి నన్ను గుండిగ మీద తిట్టనిచ్చినవా అని. పొద్దటి దాంక తిట్టింది." అతని మొహంలో చాలా రోజుల తరువాత కొంచెం కళ కనపడింది. "ఇంకా పని ఉన్నదట తిట్టేది. వంట చేసొచ్చినంక."

ధైర్యం చేసి అడిగాను. "నేనొస్త ఓదెలూ. ఆమె కాళ్ళు పట్టుకుంట."

"కాళ్ళ దాంక ఎందుకే. రా, చూద్దాం."

అతని వెంట నడిచాను. దారిలో నలుగురు ఎదురుపడ్డారు. ఇద్దరు పలకరించలేదు. కొమురయ్య మాత్రం "ఏం బూదక్కా" అని, ఇంకేం అనాలో తోచక పంపు వైపు వెళ్ళిపోయాడు. ఆ అడవి సొర పువ్వు తెచ్చింది తనేనని అతను కూడా కుమిలిపోతున్నాడని ఓదెలు చెప్పాడు. నువ్వు చూపించావు, అద్దింది నేను అని రేపు అతనికి చెప్పాలి.

గడప బయట నిలబడ్డాను. ఓదెలు లోపలికి వెళ్ళి, చిన్నమ్మ వచ్చిందన్నాడు. తెర పక్కకు జరగలేదు. మంచం కిర్రుమనడం మాత్రం వినపడింది, లేచి కూర్చుందేమో.

"పొమ్మను," అంది రమ.

నేను కదల్లేదు. ఆమె మళ్ళీ అంది, నాకు వినపడేలాగే, నాతో కాకుండా. "ఇయ్యాల నా నోటికి ఏమొస్తదో నాకే తెల్వది. నిలవడి తిట్టేటంత బలం గూడ లేదు. కూసుని తిడితే బాగుండది."

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "మరెప్పుడు రమ్మంటవ్?"

వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను.

"అమాస ఎల్లినంక రమ్మను," అంది. "పొద్దుటి షిఫ్టు దిగినంక. ఒక్కతే రావాలె, నిన్ను తోలుకొని రావద్దు. కూరగాయలు గిట్ల ఏం తేవద్దు. మొన్న పుంటికూర పెట్టి ఉరికింది గట్ల గాదు, లోపటికొచ్చి కూసోవాలె."

ఇంటికి వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తప్పు పోతుందేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఆరు రోజులు. ఏడో రోజు పొద్దుటి షిఫ్టు దిగాక, జ్యేష్ఠం ఒకటి.